సాత్, ఆఠ్

మధ్యాహ్నం రెండు ఇరవైకి ట్రక్కు నన్ను కొండ మీద, మా ఫిరంగుల దగ్గర దింపింది. ఎత్తు పదకొండు వేల అడుగులు. గాలి లేదు. మంచు పడుతోంది. బీదర్ పక్కన మన్నళ్ళి నుంచి వెళ్ళినవాణ్ణి, అంత తెల్లటి నిశ్శబ్దం నాకు కొత్త. కలలోకి దిగినట్టే దిగాను.

నా పని ఫిరంగికి గురి అంకెలు పెట్టడం. రేడియో ఆపరేటర్ వాటిని విని హిందీలో కేకేసి చెప్పేవాడు. జహీరాబాద్ వాడు. తమ్ముడు హైదరాబాద్‌లో అద్దాల మేడలు కడుతున్నాడని, తానూ చివరికి అక్కడికే పోతానని అనేవాడు. చెవులకు రబ్బరు బిరడాలు ఇచ్చారు. ఆర్డర్ సరిగ్గా వినాలని నేను ఎడమ చెవిది తరచూ తీసేసేవాణ్ణి.

మూడో నెలకల్లా ఫిరంగి ఆగినా చెవుల్లో సన్నని మోత ఆగేది కాదు. మాటలు దూది వెనక నుంచి వచ్చేవి. చెబితే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం ఆరు పదికి ఆర్డర్ వచ్చింది. చివరి అంకె తిప్పాను. ఆపరేటర్ ఎందుకో వంగి చూసి నా భుజం పట్టుకున్నాడు.

"అన్నా, నేను సాత్ అన్న. నువ్వు ఆఠ్ పెట్టినవ్."

ఏడు బదులు ఎనిమిది. ఎనిమిదైతే గుండు పడే లోయలో మా గస్తీ దళమే నడుస్తోంది. సరిచేశాను. తర్వాత అతను, ఎవరికీ చెప్పనులే అన్నాడు.

"వద్దు తమ్మీ. నేనే చెప్త."

తొమ్మిదింటికి కమాండర్ ముందు నిలబడి చెప్పాను. సాయంత్రానికి కొండ దిగాను.

కింద ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. మూడు చిన్న ఎముకలు ఆ కదలికను నత్తగుల్లలాంటి లోపలి చెవికి అందిస్తాయి. గుల్లలోని ద్రవంలో అల లేస్తుంది. అక్కడి కణాల నెత్తిన ఉన్న సన్నని కేశాలు వంగుతాయి. వంగగానే ద్వారాలు తెరుచుకుని, విద్యుదావేశం ఉన్న రేణువులు కణంలోకి వస్తాయి. కణం కాస్త రసాయనం వదులుతుంది, దాంతో నరం మేల్కొని మెదడుకు కబురు పంపుతుంది. సన్నని శబ్దాల కణాలు గుల్ల మొదట్లోనే ఉంటాయట. ముందు దెబ్బ తినేది అవే. అందుకే సాత్‌లోని ‘స’ పోయింది. నాకు రెండు చెవుల్లోనూ పోయింది.

మళ్ళీ మొలవవా అని అడిగాను. మనుషులకు మొలవవు అంది, దగ్గరగా వంగి.

ఆ వారమంతా కళ్ళు మూసుకుని, నా లోపల బఠాణీ గింజంత గుల్లలో అలలు లేవడం ఊహించుకుంటూ పడుకున్నాను.

ఇంటికి వస్తూ హైదరాబాద్‌లో బస్సు మారాను. దారి పొడవునా సగం లేచిన మేడలు, సిమెంటు కలిపే యంత్రాల బరువైన మోత. అది బాగానే వినబడింది. బీదర్‌లో, చిద్రిలోని మా అద్దె ఇంటికి చేరేసరికి ఎండ వాలుతోంది. గుమ్మంలో నా భార్య పాపను కిందికి దింపింది.

"ఉరుకొస్తాంది, సూడు."

బండల మీద చిన్న పాదాల దబదబ విన్నాను. కాళ్ళకు కొత్త పట్టీలు. అడుగడుగుకూ మువ్వలు ఎండలో మెరుస్తూ ఊగుతున్నాయి, ఏ చప్పుడూ లేకుండా.