ఆమె బదులు నేనన్న ‘సరే’

మా ఆవిడ శ్రీకాకుళం నుంచి భిలాయ్ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా, ఆమెకొచ్చిన హిందీ అక్కడి పవర్ హౌస్ బజారులో కూరలు బేరమాడటం వరకే. బ్యాంకులో, ఆసుపత్రిలో ఆమె తరఫున నేనే మాట్లాడేవాణ్ణి. అది సాయమనుకున్నాను. ఆమెను అడగకుండానే ఆమె జవాబులు చెప్పేస్తున్నానని ఎప్పుడూ తోచలేదు.

పాంక్రియాస్‌లో కాన్సర్ అని, కాలేయానికి కూడా పాకిందని రాయపూర్ డాక్టరు చెప్పిన రోజూ అలాగే జరిగింది. ఆమె నా పక్కనే ఉంది. డాక్టరు నా వైపే చూస్తూ ఇంగ్లీషు కలిపిన హిందీలో చెప్పుకుపోయాడు. కణంలో ఒక ఎంజైమ్ ఉంటుందట. బయటి నుంచి వచ్చిన కబురును లోపలికి అందించడం దాని పని. పని అయ్యాక ఊరుకోవాలి. ఈ గడ్డలో ఊరుకోవడం లేదు. కబురు లేకపోయినా పెరగమంటోంది, ఉన్నచోట పట్టు వదిలి ఇంకోచోటికి పొమ్మంటోంది. భిలాయ్ ఉక్కు ప్లాంటులో కన్వేయర్ బెల్టుల దగ్గర పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. మోటారుకు కరెంటు అందించే రిలే అతుక్కుపోతే స్విచ్ ఆపినా బెల్టు ఆగదు, ఖనిజం కుప్పపడిపోతుంది.

ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే కొత్త మాత్రలున్నాయన్నాడు డాక్టరు. కొన్నాళ్లు పనిచేసినా కణాలు పక్కదారి వెతుక్కోవచ్చు. వాంతులు, నోటిపూత రావచ్చు. ఆమెను అడిగి చెప్పమన్నాడు.

నేను ఆమె వైపు తిరిగి, కడుపులో పుండుందట, మాత్రలు మింగాలట అన్నాను. ఆమె తలూపింది. సరే అంటోందని డాక్టరుకు చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించాను.

ఆమె భయపడుతుందని అలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట విన్న ఆమె మొహం చూసే ధైర్యం నాకు లేదు.

మాత్రలు ఆమెను పిండేశాయి. గంజి తాగినా నోరు మండిపోయేది. పుండు మానే ముందు అలాగే ఉంటుందనేవాణ్ణి. రెండు నెలలకు తీసిన స్కాన్‌లో కాలేయంలో మచ్చలు పెరిగాయి. ఇంకో నెల చూద్దామా అని డాక్టరు అడిగితే, దానికీ నేనే సరే అన్నాను.

సెక్టర్ 2లోని మా క్వార్టర్లో శుక్రవారం సాయంత్రాలు తెలుగు చర్చి సంఘం వాళ్ల గృహ ప్రార్థన జరిగేది. పాటయ్యాక ఒక్కొక్కరూ తమ మనవి పైకి చెబితే, మిగతావాళ్లు దాని కోసం ప్రార్థిస్తారు. స్కాన్ తర్వాత ఒక శుక్రవారం కూడా నేను లేచి, మా ఆవిడ కడుపులో పుండు మానాలని చెప్పాను. అందరూ కళ్లు మూసుకున్నారు. సంఘపెద్ద ఆ లేని పుండు కోసం ఎంతో శ్రద్ధగా ప్రార్థన మొదలుపెట్టాడు. గోడకానుకుని కూర్చున్న ఆమె మధ్యలో ఆపింది.

"పుండు కాదండీ. నాకు కాన్సరు." తర్వాత నా వైపు చూసింది. "నాకు సెప్పకపోతే పోనీండి. దేవుడికి కూడా నా రోగం పేరు తప్పు సెప్పీసినారేటి?"

సంఘపెద్ద బైబిలు సంచిలో పెట్టుకుని, టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక, ఎలా తెలిసిందని అడిగాను. ఆసుపత్రిలో నేను మందుల వరుసలో ఉన్నప్పుడు, దగ్గర్లోని కుమ్హారి ఊరి నుంచి వచ్చిన ఒకామె తన భర్తకూ అదే కాన్సరు, అవే మాత్రలని చెప్పిందట. నీకు చెప్పలేదా దీదీ అని ఆశ్చర్యపోయిందట. అది జరిగి మూడు వారాలైంది. నేనే చెబుతానని మా ఆవిడ ఎదురుచూసిందట.

అప్పుడు అంతా చెప్పాను, బెల్టు పోలికతో సహా. ఆమె చివరిదాకా విని, ఒకటే అడిగింది.

"మరి ఈ మాత్రలకి అదాగిందా?"

"లేదు."

"ఆగనప్పుడు నా నోరెందుకు కాల్సీసినారు?"

తర్వాతిసారి డాక్టరు ఎదుట కుర్చీలో ఆమె కూర్చుంది. మందు మానేస్తే ఏమవుతుందని బజారు హిందీలోనే అడిగింది. ఈసారి డాక్టరు ఆమెను చూస్తూ మెల్లగా చెప్పాడు. రెండుసార్లు మాట దొరక్క ఆమె ఆగింది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది, మింగేశాను. నొప్పికి మాత్రం ఇవ్వండి, మిగతావి బంద్ చేసేయండి అని ఆమె తేల్చింది.

పది రోజులకు నోటిపూత తగ్గింది. ఎండురొయ్యలు వేసి వంకాయ పులుసు చేయమని నాకు పురమాయించి, దగ్గర కూర్చుని ఉప్పు చూసింది. ఐదు వారాలు అలా తిన్నది, పోయేవరకు. అంతకుముందు మాత్రలు మింగిన పదకొండు వారాలూ ఆమెవే, నేను తీసేసుకున్నాను. వాటి సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు. అడిగితే, ఆ అలసిన ఒంటితో ఆమే నన్ను ఓదార్చాల్సి వచ్చేది.