కల్లు వచ్చిందన్నది ఎవరు?

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. చదివింది భూగర్భశాస్త్రం, చేసేది రాళ్ల పని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ ఆ మధ్యాహ్నం సంగతి వస్తే మాత్రం లేచి వెళ్లలేను.

అప్పటికి తెలంగాణ రాష్ట్రం ఇంకా రాలేదు. మాది వరంగల్ వైపు. మెదక్ జిల్లా వాయవ్యపు కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఎర్రరాతి నేలల్లో అల్యూమినియం ఖనిజం ఉందేమో చూడమని కంపెనీ నన్ను పంపింది. నారాయణఖేడ్‌లో అద్దె గది, రోజూ జీపులో నాగల్‌గిద్ద వైపు ప్రయాణం. బావిలా గుంత తవ్వించి, పొరపొరకీ మట్టి తీసి సంచుల్లో కట్టాలి. తవ్వేది కల్హేర్ ఊరి మల్లేశం. మంచి పనిమంతుడు, కల్లంటే ప్రాణం.

ఆ రోజు పొద్దుటి నుంచే నాకు కాలు నిలవడం లేదు. ఎందుకో చెప్పలేను. గుంత రెండు నిలువుల లోతు దిగింది. అంచున కూర్చుంటాను, లేస్తాను, మళ్లీ తొంగి చూస్తాను.

"ఏంది సార్, గట్ల తిరుగుతున్నవ్? జర కూసో," అన్నాడు మల్లేశం లోపలి నుంచి.

అప్పుడే నా వెనక ఒక ఆడమనిషి గొంతు వినబడింది. "కల్లు బంతు, మ్యాలె బా."

కన్నడం మా ఇద్దరికీ రాదు. బా అంటే రమ్మని మాత్రం తెలుసు. ఇక కల్లు సంగతి మల్లేశానికి వేరే చెప్పాలా? గడ్డపార అక్కడే పడేసి, తాడు పట్టుకుని నవ్వుకుంటూ పైకి వచ్చాడు.

వెనక్కి తిరిగి చూశాను. కంది కోసేసిన చేను. మనిషి చాటుకు ఒక్క మొక్క కూడా లేదు. ఎవరూ లేరు.

"కల్లేది సార్?" అని మల్లేశం అడుగుతుండగానే గుంత గోడలోంచి పెద్ద బండ ఊడి, అడుగున అతను అంతదాకా తవ్విన చోటే పడింది. గడ్డపార ఇప్పటికీ దాని కిందే ఉంది.

సాయంత్రం నాగల్‌గిద్దలో టీ తాగుతూ ఈ సంగతి చెబితే హోటలాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "కన్నడంల కల్లంటే రాయి సార్. రాయి వచ్చింది, పైకి రా అన్నదామె."

టీ గ్లాసు కింద పెట్టేశాను. గాలి మోసుకొచ్చిన మాట అనుకుందామంటే దగ్గర్లో ఇల్లే లేదు. భ్రమ అనుకుందామంటే ఇద్దరం విన్నాం, అదీ మాకు రాని భాషలో.

ఆదివారం మల్లేశం భార్య నా గదికి వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో కొత్త చీర. "గామె ఇల్లు ఏడుందో చూపియ్యి సార్, పెట్టొస్త," అంది.

ఆ చేనుకే తీసుకెళ్లాను. చీర పట్టుకుని గుంత అంచున నిలబడింది. ఏ దిక్కుకు తిరిగి ఇవ్వాలని అడిగింది.