సైరనమ్మ గడ్డం దించిన రోజు

నేత మిల్లులో ఆమెను అందరూ సైరనమ్మ అనేవారు. షిఫ్టు మారేవేళ సైరన్ మోగకపోయినా ఫర్వాలేదు, ఈవిడ ఒక్క కేక వేస్తే గేటు బయట టీ తాగేవాళ్లు కూడా గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొస్తారని ఫిట్టరు వేళాకోళం చేసేవాడు. ఆవిడ దాన్ని పొగడ్త కిందే జమ కట్టుకుంది. ఆ విషయంలో ఆవిడకు ఎప్పుడూ మొహమాటం లేదు.

మరమగ్గాలు ఆడుతుంటే షెడ్డులో మనిషి మాట మనిషికి వినబడదు. అయినా ఆవిడ పాడేది. తెగిన పోగు ముడివేస్తూ పాడేది, కండె మారుస్తూ పాడేది. పక్క మగ్గం వదినది. వరసకు వదినేమీ కాదు. పనిలో చేరిన రోజున ముడి వెయ్యడం నేర్పింది, అప్పటినుంచీ వదినైపోయింది. సైరనమ్మ తల్లి కట్టిన పాటొకటి వదినకు ప్రాణం. షెడ్డులో తప్ప ఆ పాటను సైరనమ్మ ఇంకెక్కడా ఎత్తుకునేది కాదు. మధ్యాహ్నం దాటగానే వదిన ఇటు తిరిగి, ఊఁ, కానీ అన్నట్టు తలూపేది. ఇవతల పాట మొదలయ్యేది.

ఆ వదిన రిటైరవుతోంది. వీడ్కోలు సభలో నేను పాడతానని సైరనమ్మ అనగానే అందరూ మొహమొహాలు చూసుకున్నారు. కిందటేడు మేనేజరు వీడ్కోలులో ఆవిడ వేరే పాటేదో పాడింది. పై స్వరం దగ్గర గొంతు కీచుమని విరిగింది. ముందు వరస పగలబడి నవ్వింది.

"ఎందుకమ్మా నీకు శ్రమ? స్పీకరులో మంచి పాట వేసేద్దాం" అన్నాడు యూనియన్ సెక్రటరీ.

"వదినకి స్పీకరేమవుతుంది? నేనేగా మరదల్ని. నేనే పాడతా. ఈసారి విరగదు."

"ఎలా విరగదు?"

"విరగదంటే విరగదు!"

అనేసింది గానీ, రెండు పాటలు పాడితే మర్నాటికి తన గొంతు బొంగురుపోతుందని ఆవిడకు తెలుసు. వదిన పాటను వదిన ముందు విరగ్గొట్టుకుంటే మళ్లీ అతికించే అవకాశం రాదని కూడా తెలుసు. ఆవిడ అక్కడితో ఆలోచన కట్టిపెట్టి, తిన్నగా వెనక వీధిలోని సంగీతం టీచరు తలుపు తట్టింది.

టీచరుది ఆవిడ కూతురి వయసు. హార్మోనియం ముందు కూర్చుని ఒక చరణం విని, చేత్తో ఆపమంది.

"పిన్నిగారూ, మీరు పాడట్లేదు. ఎవర్నో పిలుస్తున్నారు. మగ్గాల మధ్య మీ గొంతు మీకే వినబడక, తోసి తోసి అలవాటైపోయింది. ఇక్కడ మగ్గాల్లేవుగా?"

అద్దం చేతికిచ్చి మళ్లీ పాడమంది. పై స్వరం వచ్చేసరికి సైరనమ్మ గడ్డం ఇంటికప్పు వైపు లేచింది, మెడనరాలు ఉబ్బాయి.

"తలెత్తి వెతకడానికి అదేమన్నా అటక మీదుందా? గడ్డం దించండి, గొంతు దానంతటదే తెరుచుకుంటుంది" అంది టీచరు.

శ్రుతి తగ్గిస్తానంటే మాత్రం సైరనమ్మ ఒప్పుకోలేదు. తగ్గడమా, తనా! "జాకెట్టు మీ కొలతకి కుట్టించుకుంటారా, పక్కింటావిడ కొలతకా?" అని టీచరు అడిగింది. ఆ మాటతో శ్రుతి తగ్గింది, సైరనమ్మ పంతమూ తగ్గింది.

ఇక ఇంట్లో సాధన. ఊపిరి భుజాల్లోకి కాకుండా పొట్టలోకి పీల్చడం, మాటిమాటికీ గొంతు సవరించకుండా ఒక గుక్క నీళ్లు తాగడం, నోరు మూసుకుని సన్నగా రాగం తియ్యడం. అన్నిటికంటే ముందు పెదాలు వదులు చేసి చంటిపిల్లలా బుర్రుమని ఊదడం. మొగుడు వాకిట్లోంచి తొంగిచూసి, "వానొచ్చేలా ఉందే, ఆరేసిన బట్టలు తియ్యనా?" అన్నాడు. ఆవిడ ఊదడం ఆపకుండానే అతని మొహం మీద నాలుగు తుంపర్లు చల్లింది. ఒక సాయంత్రం ఆ పై స్వరం మెత్తగా, నిండుగా వచ్చి నిలబడింది. పాడింది తనేనా అని ఆవిడ అద్దంలోకి చూసుకుంది.

అప్పుడు పట్టుకుంది అసలు దిగులు. మగ్గాల మోత వదిన చెవులను ఏనాడో తినేసింది. మెత్తగా పాడితే ఆమెకు చేరదు, గట్టిగా తోస్తే మళ్లీ విరుగుతుంది. సభ రోజుదాకా దానికి దారి దొరకలేదు. అయినా ఆవిడ మంచి చీర కట్టుకుని నిటారుగానే వెళ్లింది.

భోజనాల హాల్లో బెంచీలు గోడకు జరిపి కుర్చీలు వేశారు. సైరనమ్మ మైకు ముందు నిలబడి మెత్తగా ఎత్తుకుంది. హాలు సద్దుమణిగింది. వదిన మాత్రం చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఇందాక కొత్త మేనేజరు ఉపన్యాసానికి నవ్విన నవ్వే మర్యాదగా నవ్వుతోంది. ఆ నవ్వు చూడగానే పాట ఆమెకు చేరలేదని సైరనమ్మకు తెలిసిపోయింది. పాత తోపు మెడలోకి ఎగదన్నింది. ఆవిడ చప్పున పాట ఆపేసింది. సెక్రటరీ చెయ్యి స్పీకరు మీటవైపు వెళ్లింది.

"చెయ్యి తియ్యి బాబూ" అని, మైకు వదిలేసి, ఒక స్టూలు లాక్కుని వదినకు ఎదురుగా మోకాళ్లు తగిలేలా కూర్చుంది. వదిన చూపు అలవాటుగా ఆవిడ పెదాల మీద వాలింది. షెడ్డులో పనిచేసినవాళ్లంతా అంతే, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాటలు తెలుసుకుంటారు.

మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఒక్కో మాటకూ నోరు బాగా తెరిచింది. రెండో చరణానికి వదిన పెదాలూ పాటతో కలిశాయి. పై స్వరం వచ్చింది. గడ్డం లేవబోయింది గానీ, ఎదురుగా వదిన కళ్లున్నాయి. తల ఎత్తితే ఆమెకు నోరు కనబడదు. సైరనమ్మ ఎత్తలేదు. గొంతు హాయిగా పైకి వెళ్లి, అక్కడే కాసేపు నిలిచి, పని ముగిసింది, ఇంటికి పోదాం రా అనే చివరి చరణంలోకి దిగింది. ఎక్కడా విరగలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా వినబడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. వదిన కొట్టలేదు.

"పాటలో ఇదుందా?" అంది.

"ఏది వదినా?"

"ఇంటికి పోదాం రా అని. అక్కడికొచ్చేసరికి నువ్వు ఎప్పుడూ తల పైకెత్తేసేదానివే, చివరిదాకా దించేదానివి కాదు, నోరు కనబడేది కాదు. పాట అంతటితో అయిపోయిందనుకున్నా ఇన్నేళ్లూ."

సైరనమ్మకు ఏడుపొచ్చేసింది.

"ఏడిస్తే నోరు వంకరపోతుంది, నాకు మాట తెలీదు. ఆ ఒక్క ముక్కా మళ్లీ పాడు" అంది వదిన.

సైరనమ్మ కళ్లు తుడుచుకుని, గడ్డం దించి పాడింది. వదిన ఆఖరి మాటదాకా చూసి, కుర్చీలోంచి లేచి, చేతిసంచి భుజాన వేసుకుంది.

"సరే పద, పోదాం" అంది.