కేబుల్ మార్చి చూడమన్నాను

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మా ఆఫీసు నెట్‌వర్క్ చూసుకునేది నేనే. టెస్టింగ్ టీమ్‌లో పనిచేసే ఒక తెలుగమ్మాయి మా అపార్ట్‌మెంట్లలోనే ఉండేది. ఒకరోజు నా కారు, ఒకరోజు తన కారు, అలా కలిసి వెళ్లేవాళ్లం.

మొన్న చలికాలంలో ఒక ఉదయం మేనేజర్ నన్ను పిలిచాడు. ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నారట. హెచ్‌ఆర్ వాళ్లు మాట్లాడేలోపే తన కంప్యూటర్ నుంచి సర్వర్లకు దారి మూసేయమన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

రౌటర్‌లో యాక్సెస్ లిస్ట్ తెరిచాను. ఎవరిని వెళ్లనివ్వాలో, ఎవరిని ఆపాలో అందులో వరసగా రాసి ఉంటుంది. తన కంప్యూటర్‌ను ఆపమని చివర ఒక లైను చేర్చాను. పనిచేయలేదు. రౌటర్ పైనుంచి చదువుకుంటూ వచ్చి, సరిపోయిన మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది. టెస్టింగ్ టీమ్ మొత్తాన్ని వెళ్లనిచ్చే లైను అంతకుముందే ఉంది. నా లైనును దానికంటే పైకి మార్చాక దారి మూసుకుంది. తప్పు ఎక్కడుందో పట్టుకున్నానని ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

హెచ్‌ఆర్ మీటింగ్ ఆలస్యమైంది. ఈలోగా ఆ అమ్మాయి నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, నాకు ఏ సర్వరూ కనెక్ట్ అవ్వట్లేదు. కొంచెం చూస్తావా?"

స్క్రీన్ తనకు కనబడకుండా తిప్పుకున్నాను. "కేబుల్ మార్చి చూడు" అన్నాను.

తను వెళ్లి, టేబుల్ కిందికి దూరి కేబుల్ మార్చింది. మళ్లీ ప్రయత్నించింది. నేను ఆపిన ప్రయత్నాల లెక్క రౌటర్‌లో పెరుగుతూ పోయింది. కాసేపటికి హెచ్‌ఆర్ నుంచి పిలుపొచ్చింది. తను మళ్లీ సీటుకి రాలేదు.

ఆరోజు తన కారులో వచ్చాం. క్యాబ్ బుక్ చేసుకుందామనుకుంటూ సాయంత్రం కిందికి దిగితే, నాకోసం ఇంటి నుంచి మళ్లీ వచ్చి పార్కింగ్‌లో కూర్చుని ఉంది.

దారిలో అడిగింది. "నీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను.

"చెప్పకూడదని నాకూ తెలుసు. కానీ కేబుల్ ఎందుకు మార్చమన్నావక్కా?"

తను నా దగ్గరికి వచ్చినప్పుడు, ఇప్పుడు కుదరదు అని ఒక్క మాటంటే సరిపోయేది. అది కూడా తోచలేదు నాకు.

తర్వాత తనకు వేరే ఊళ్లో, క్యారీలో ఉద్యోగం దొరికింది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. పిల్లల గురించి, వంటల గురించి మాట్లాడుకుంటాం. ఆఫీసు మాట తనూ ఎత్తదు, నేనూ ఎత్తను.