ఎడంపక్క మర్నాటికి ఉంచాను

“కుడిపక్కకి తిప్పినాను బాబూ. ఎడంపక్క మర్నాటికి ఉంచినాను. అది కూడా ఆ పూటే తిప్పీసుంటే నువ్వీయేళ ఇక్కడ కూకుని నా మాట ఇనే పనే లేదు. మాటాడ్డానికి నాకు నోరుండేది కాదు.”

చేపలు తోముతున్న రాజులమ్మ చెయ్యి ఆగిపోయింది. నేనడిగింది చిన్న ప్రశ్న. మెడ పట్టేసిందని వచ్చేవాళ్ళని మూడేళ్ళుగా గుమ్మంలోంచే పంపించేస్తున్నావట, ఎందుకని. కోపం వచ్చిందనో, ఒంట్లో బాగోలేదనో చెబుతుందనుకున్నాను. ఆవిడ మొదలుపెట్టడమే ఇలా మొదలుపెట్టింది.

మందస దాటి, జీడితోటలూ కొబ్బరితోటలూ అయిపోయాక, ఇసకలో నలభై గడపల ఊరు అది. మగవాళ్ళు తెప్పల మీద వేటకెళ్తారు. ఆ ఊళ్ళో రాజులమ్మకి ఒక ప్రత్యేకత ఉంది. ఆవిడ ఎదురుకాళ్ళతో పుట్టింది. కాన్పులో తల ముందు రావలసింది కాళ్ళు ముందొచ్చాయి. అలా పుట్టినవాళ్ళ కాలు తగిలితే నడుం పట్టు వదిలిపోతుందని నమ్మకం.

“ఐదేళ్ళ గుంటని. ఆడుకుంటంటే పిలిసీవోరు. మా అయ్య ఈడోళ్ళు బోర్లా పడుకునీవోరు. ఎడం కాలు మూడుసార్లు తగిలించీసి మళ్ళీ ఆటకెలిపోదును. పెద్దోళ్ళని తన్నొచ్చు, ఎవులూ ఏటీ అనరు. అంతకంటే సరదా ఏటుంటాది సెప్పు?”

పెళ్ళయ్యాక ఆ సరదాకి ఒక చిక్కు వచ్చింది. నడుములే కాదు, మెడలు పట్టేసినవాళ్ళు కూడా రావడం మొదలెట్టారు. తలకి కాలు తగిలించకూడదు కదా. పాపం. ఏం చెయ్యాలో అత్తే తేల్చింది. “కాల్లో ఉన్న గుణం సేతిలో మాత్రం ఉండదేటి, సేత్తో తీసీ” అంది. అప్పటినుంచి రాజులమ్మ ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి మాడు మీద వేసి, మాటల్లో పెట్టి, గభాల్న తిప్పేది. లోపల టక్కుమనేది. ఆ చప్పుడు కోసమే జనం వచ్చేవారు. కుడిపక్క సాయంత్రం, ఎడంపక్క మర్నాడు పొద్దున్న. రెండూ ఒకే పూట తిప్పితే పట్టు లోపల్లోపలే తిరుగుతుందని అత్త చెప్పింది. అత్తకెవరు చెప్పారో ఎవరికీ తెలీదు.

“ఎవులి దగ్గిరా నేర్సుకోనేదు బాబూ. ముప్పై ఏళ్ళు తిప్పినాను. కొబ్బరిసెట్లు ఎక్కీవోళ్ళు, సేపల గంపలు మోసీవోళ్ళు, జీడిపిక్కలు కొట్టీ ఆడోళ్ళు. పొద్దస్తమానం బుర్ర ఒంచుకుని కూకుంటారు కదా, ఆళ్ళ మెడలు మరీ బిర్రుగుంటాయి. మెడకీ కాలే తగిలించుంటే ఎవులికీ ఏటీ అవకపోను. మర్యాదకని సేతులెట్టినాను. సేతికి ఎంత బలముంటాదో నాకేటి తెలుసు?”

రెండువేల మూడు, ఎండాకాలం, శనివారం. రాజులమ్మ తమ్ముడు ఢిల్లీరావు వేట ముగించుకుని తెప్ప ఒడ్డుకి తెస్తున్నాడు. ఒడ్డుకి నాలుగు బారల దూరంలో కెరటం వెనకనుంచి లేపి తెప్పని తిరగేసింది. మనిషి తలకిందులుగా వెళ్ళి నీళ్ళ కింద ఇసక మేటకి గుద్దుకున్నాడు. లేచాడు. తనకు తానే నడిచాడు. వల ఆరేశాడు కూడా. సాయంత్రానికి మెడ తిరగడం లేదని నాలుగిళ్ళ అవతలున్న అక్క దగ్గరకొచ్చాడు. అక్కని ఆ వైపు ‘అప్ప’ అంటారు.

“కూకోబెట్టినాను. తిప్పినాను. టక్కు రానేదు. ‘అబ్బా’ అని ఒక్క కేక ఏసినాడు. ఊళ్ళో అందరూ ఇన్నారు. ‘ఏరా, మీసాలున్నాయి, సిగ్గు నేదేటి’ అని నవ్వినాను. నవ్వినాను బాబూ! ‘పొద్దున్నే రా, ఎడంపక్క తీసెత్తాను’ అని పంపీసినాను.”

ఆదివారం తెల్లారేసరికి అతను గుమ్మంలో ఉన్నాడు. వెనకాల అతని పెళ్ళాం చిన్నమ్మి. రాజులమ్మకి ముందు కనపడినది అతని చేతులు. కుండ ఎత్తుకున్నట్టు తలని రెండు చేతుల్తో రెండు పక్కలా పట్టుకుని వచ్చాడు.

“సేతులు తియ్యిరా.”

“తియ్యనేనప్పా. తీత్తే బుర్ర ఊడి ఒళ్ళో పడిపోద్దేటో అనిపిస్తంది.”

“పడితే పట్టుకుంటాన్నేరా. నీ బుర్రలో ఏటుందని అంత బరువు?”

అతను నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. రాజులమ్మ వెనక్కి వెళ్ళి, పుర్రె కింద గుంట దగ్గర బొటనవేలు పెట్టింది. ముప్పై ఏళ్ళుగా అక్కడ పెట్టిన వేలే. ఎంత పట్టేసిన మెడైనా వేలికి కాస్త లొంగుతుంది. ఇది లొంగలేదు. చుట్టూ కండ కర్రలా బిగిసిపోయి ఉంది. కొంచెం నొక్కింది.

“అప్పా, నొక్కకు. రెండు సేతులూ జిమ్మంటన్నాయి.”

“సేతులా? మెడ నొక్కితే సేతులేటిరా?”

“ఏటో. ఏళ్ళ సివరిదాకా జిమ్మంటన్నాది.”

చెయ్యి తీసేసింది. ఎందుకు తీసేసిందో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. చిన్నమ్మికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. వదినని పట్టుకుని కడిగేసింది.

“అదేటి ఒదినా, సగం తీసి ఇడిసిపెట్టెత్తావేటి? రాత్రల్లా నిద్ర లేదు మనిషికి. ఎడంపక్క కూడా తిప్పీసి పంపు.”

“నా వల్ల కాదే.”

“తమ్ముడని సెయ్యి రాలేదేటి? అదే ఊరోళ్ళ మెడైతే ఈపాటికి తిప్పీసి, ముంతడు గంజి తాగి పడుకుందువు.”

ఈ మాట చెప్పేటప్పుడు రాజులమ్మ నా వంక చూడలేదు. “నిజమే కదా బాబూ,” అంది. “ఊరోళ్ళ మెడైతే తిప్పీసీదాన్నే.”

పెద్దాసుపత్రికి వెళ్దామంటే ఢిల్లీరావు ఒప్పుకోలేదు. మెడ కోసేస్తారని భయం. అప్పుడు రాజులమ్మకి ఒక మాట గుర్తొచ్చింది. పలాసలో మందుల షాపు మీద గదిలో ప్రతి ఆదివారం ఒక డాక్టరు విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చి కూర్చుంటాడనీ, మాత్రా సూదీ లేకుండా చేతుల్తోనే మెడలూ నడుములూ సరిచేస్తాడనీ జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు చెప్పారు. ఆయన పేరు లోకనాథ్. కైరోప్రాక్టిక్ అని బోర్డు ఉంటుందట. అది చదవడం రాకపోయినా, తన పనే చేసే చదువుకున్నవాడొకడున్నాడని ఆవిడకి అర్థమైంది. చేత్తో సరిచేసేవాడైతే సరేనన్నాడు ఢిల్లీరావు.

ఆటో కట్టించుకుని ముగ్గురూ బయల్దేరారు. రోడ్డంతా గోతులు. ఒక గోతిలో దిగేసరికి ఢిల్లీరావు కళ్ళు తేలేశాడు. రాజులమ్మ అతని చేతుల మీద తన చేతులు వేసి, తలని గుండెకి ఆనించుకుంది. పలాస చేరేదాకా తియ్యలేదు. ఆటో నడిపే అతన్ని దారి పొడుగునా తిట్టింది. అతనూ తిట్టాడు. “ఇది ఇమానం కాదప్పా, దిగి నడు” అన్నాడు.

మెట్లెక్కి గదిలో అడుగుపెట్టగానే లోకనాథ్ కుర్చీలోంచి లేచిపోయాడు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. బల్ల మీద బోర్లా పడుకున్న ముసలాయన వీపు మీద నుంచి చేతులు తీసేసి, “కదలకండి. అలాగే, అలాగే నిలబడండి,” అన్నాడు. దగ్గరికొచ్చాడు గానీ మెడ ముట్టుకోలేదు. ఎక్కడ పడ్డాడో, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, కాళ్ళు తడబడుతున్నాయా అని అడిగాడు. ముసలాయన్ని లేపి, ముగ్గురు కలిసి తల ఎటూ కదలకుండా ఢిల్లీరావుని ఆ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. పక్క జీడిపప్పు కొట్లోంచి రెండు చిన్న సంచులు తెప్పించి తలకి అటూ ఇటూ ఆనించి, నుదుటి మీంచి తువ్వాలుతో బల్లకి కట్టాడు.

రాజులమ్మకి ఓపిక పోయింది. “అదేటి బాబూ, సేతుల్తో సర్దుతావని అంత దూరంనుంచి వొచ్చినాం. సెయ్యే ఎయ్యవేటి?”

“సర్దుతానమ్మా. చూశాక సర్దుతాను. ఎముక కొంచెం బిగుసుకుపోతే నేను చూడగలను. తలని చేతుల్తో మోసుకుంటూ వచ్చినవాళ్ళని నేను ముట్టుకోను.”

రెండు కొట్ల అవతల ఎక్సరే తీసేచోటికి ఢిల్లీరావుని బల్లతో పాటే మోసుకెళ్ళారు. మెడకి ఫొటో అని చెప్పి నోరు తెరవమన్నారు. చిన్నమ్మి గోల పెట్టింది, మెడ నొప్పంటే పళ్ళ ఫొటో తీస్తారేమిటని. లోకనాథ్ ఆ ఫిలిం తెచ్చి కిటికీ వెలుతురుకి పట్టాడు. తెరిచిన నోట్లోంచి మెడలో పైనున్న రెండెముకలు కనపడుతున్నాయి.

“ఇదిగో. పైది ఉంగరంలా ఉంటుంది. తల దాని మీద కూర్చుంటుంది. కిందదానికి పన్నులాంటిది పైకి లేచి ఉంటుంది, అది ఉంగరంలో దూరి ఉంటుంది. తల తిప్పినప్పుడల్లా ఉంగరం ఆ పన్ను చుట్టూ తిరుగుతుంది. ఇతనికి ఆ పన్ను మొదట్లో విరిగిపోయింది.” వేలితో గీత చూపించాడు. వెంట్రుక మందాన నల్ల గీత. “దీని వెనకే వెన్నుపాము. ఊపిరి తీసుకోమని ఒంటికి చెప్పేది అదే.”

తర్వాత అడిగాడు. “పడ్డాక ఎవరైనా మెడ తిప్పారా?”

“లేదండి,” అన్నాడు ఢిల్లీరావు బల్ల మీదినుంచి. పైకప్పు వంక చూస్తూ, గబుక్కున.

“నాను తిప్పినాను,” అంది రాజులమ్మ.

“అప్పా, నువ్వూరుకో.”

“కుడిపక్కకి. నిన్న సాయంత్రం.”

ఎంత తిప్పారని అడిగాడు. ఆవిడ తన మెడ మీదే చూపించింది. లోకనాథ్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

“మరి ఎడంపక్క?”

“ఈయేళ పొద్దున్న తిప్పాల.”

“తిప్పి ఉంటే,” అన్నాడాయన, “మీ చేతుల్లోనే ఊపిరి ఆగిపోయేదమ్మా. నిన్నే ఎందుకు ఆగలేదో నాకు తెలీదు.”

ఆ గదిలో ఫాను తిరుగుతోందనీ, దాని చప్పుడు తప్ప తనకి ఇంకేమీ వినపడలేదనీ చెప్పింది రాజులమ్మ. గోడకి జారబడి కింద కూర్చుంది. ‘నా దగ్గర తగ్గినోళ్ళు అంతమంది ఉన్నారు కదా బాబూ, మరి ఆళ్ళంతా ఏటి?’ అని లోకనాథ్‌ని అడిగిందట. చాలామందికి మామూలు పట్లే, వారం ఆగితే వాటంతటవే తగ్గిపోయేవి అన్నాడట ఆయన. మెల్లగానే అన్నాడు. కసరలేదు. కసిరితే బాగుండేదంది.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో పుర్రెకి రెండు పక్కలా కొక్కేలు బిగించి, మంచం తలాపున బరువు వేలాడదీశారు. మొదటిరోజు అది చూసి రాజులమ్మ వరండాలోకి వచ్చేసింది. ఆరు వారాలు అలాగే ఉంచారు. తర్వాత మెడకి గట్టి పట్టీ. ఢిల్లీరావు బతికాడు. వేటకి వెళ్ళడు, ఒడ్డునే వలలు బాగుచేస్తాడు. వదినామరదళ్ళు ఇప్పుడు బాగానే మాట్లాడుకుంటారు.

“మరి ఇంకేంటి, గండం గడిచిపోయింది కదా,” అన్నాను.

“ఆడిది గడిసినాది.”

చేపల గిన్నె పక్కకి జరిపింది. చెయ్యి కడుక్కోలేదు, పొలుసులు మణికట్టు దాకా అంటుకునే ఉన్నాయి.

“ఆరు వారాలు ఆ వరండాలో ఏటి సేసినాననుకున్నావు? ఒక్కో మెడా గుర్తు తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్ళవీ. అందులో తల సేత్తో పట్టుకుని వొచ్చినోళ్ళు ఇంకెవులైనా ఉన్నారేటని. ఒకర్తుంది బాబూ.”

పేరు నారాయణమ్మ. సుమ్మాదేవి అనే ఊరి మనిషి. తొంభై ఎనిమిదిలో ఈ ఊరికి చుట్టపుచూపుగా వచ్చింది. కొబ్బరి మట్టల బండి మీంచి పడింది. ఒక చేత్తో గడ్డం, ఒక చేత్తో వెనక బుర్ర పట్టుకుని ఇదే గుమ్మంలోకి వచ్చింది.

“కుడిపక్క తిప్పినాను. పొద్దున్న రమ్మన్నాను. రానేదు. ఊరెలిపోనాదన్నారు. నాకు ఒళ్ళు మండిపోనాది, నా సెయ్యి మీద నమ్మకం నేదుగాబోలనుకున్నాను. మళ్ళీ ఎవులి నోటా దాని మాట ఇన్లేదు. ఆళ్ళ సుట్టాలు కూడా ఈ ఊర్నుంచి ఎలిపోనారు. మూడేళ్ళయి రోజూ ఎల్దావనుకుంటాను. పలాస దాకా ఎల్తాను. రైలు కనపడితే ఎనక్కొచ్చెత్తాను.”

వీధిలో ఎవరో ‘అప్పా, నడుం పట్టేసిందే’ అని కేకేశారు. ఆవిడ తల తిప్పకుండానే “రేపు రా, కాలు తగిలిత్తాను” అని అరిచి, మళ్ళీ నా వైపు వంగింది.

“నువ్వెల్లు బాబూ. రేపు పొద్దున్న పలాసలో పాసింజరెక్కి సుమ్మాదేవిలో దిగు. చిన్న టేషను, ఎవుల్నడిగినా సెప్తారు. బతికుంటే సూసి రా. పోనాదంటే ఎప్పుడు పోనాదో అడుగు, ఏడాది కాదు, ఏ రోజో అడుగు. అడిగిందెవులంటే నా పేరు దాయకు. రాజులమ్మ పంపినాదని సెప్పు. తిడతారు. నువ్వు మధ్యలో లేచి వొచ్చీకు, అడ్డం సెప్పకు. మొత్తం ఇను. ఇని, ఒక్క తిట్టు కూడా ఇడిసిపెట్టకుండా తెచ్చి నాకు సెప్పు.”