సింహాన్ని లేపిన గురక

మా బాబాయిది పరుపుల దుకాణం. ఏ పరుపైనా ముందు తాను పడుకుని చూపించనిదే అమ్మేవాడు కాదు. "చూడండి, నడుం ఎక్కడైనా కుంగిందా?" అంటూ వాలేవాడు. కొనేవాళ్ళు ధర అడిగేసరికి గురక వినిపించేది. అయినా బేరం పోయేది కాదు. పరుపుకు అంతకన్నా హామీ ఏం కావాలి? ఏళ్ళ తరబడి అదే పని కావడంతో, వీపుకు ఏది ఆనినా ఆయన కళ్ళు మూతపడిపోయేవి.

పిన్ని కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ గురకతో యుద్ధం చేస్తూనే ఉంది. దిండు మార్చింది, పక్కకు తిప్పింది, ముక్కు నొక్కింది. చివరికి గది మారింది.

అడవిలో సింహాన్ని చూడాలన్నది బాబాయి చిన్ననాటి కోరిక. దుకాణం కూతురికి అప్పగించిన ఏడాది, పిన్నినీ నన్నూ వెంటబెట్టుకుని సఫారీకి బయలుదేరాడు. మొదటి రోజంతా జింకలూ, దుమ్మూ. రెండో రోజు మధ్యాహ్నం డ్రైవరు ఒక పొద దగ్గర జీపు ఆపాడు. నీడలో మగ సింహం కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉంది. అప్పటికే అక్కడ మరికొన్ని జీపులున్నాయి. అందరం కెమెరాలు ఎక్కుపెట్టుకుని కూర్చున్నాం. ఎంతసేపైనా అది చెవి కూడా కదపలేదు.

"అసలు బతికే ఉందా?" అంది పిన్ని.

"పగలు ఇంతేనమ్మా. సాయంత్రం దాకా లేవదు," అన్నాడు డ్రైవరు.

అప్పుడే వెనక సీటులోంచి గురక మొదలైంది. ముందు సన్నగా, తర్వాత రంపం కోతలా. పక్క జీపులవాళ్ళు ఉలిక్కిపడ్డారు. పిన్నికి తల కొట్టేసినట్టయింది. మోచేత్తో పొడవబోయింది.

"ఆగండమ్మా! అయ్యగారిని లేపకండి!" అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి, అప్పుడే కదిలిన సింహం చెవిని చూపిస్తూ.

సింహం తలెత్తింది. జూలు విదిల్చి లేచి, మా జీపుకేసి రెండడుగులు వేసింది. బాబాయి ఇంకో గురక వదిలాడు. సింహం నోరు తెరిచి గర్జించింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. బాబాయి మాత్రం నిద్రలోనే రెండో పక్కకు ఒత్తిగిలాడు. సింహం కాసేపు చూసి, ఈయనతో మనకెందుకులే అన్నట్టు గడ్డిలోకి వెళ్ళిపోయింది.

పక్క జీపులవాళ్ళు కొట్టిన చప్పట్లకు బాబాయికి మెలకువ వచ్చింది. "ఏంటి? లేచిందా?"

"లేచింది, మీతో మాట్లాడింది, వెళ్ళింది," అంది పిన్ని.

ఆయన ముఖం మాడిపోయింది. "ఒక్క పోటు పొడిస్తే నీ సొమ్మేం పోయిందే?"

"జన్మానికో రోజు లేపకుండా వదిలేస్తే, అదీ నా తప్పేనా?"

తిరుగు దారిలో మేం ఫోన్లలో సింహం ఫొటోల మీద పడ్డాం. నిద్ర తీరిన బాబాయి ఒక్కడే బయటికి చూస్తున్నాడు. ఉన్నట్టుండి "చిరుత! చిరుత!" అని కేకపెట్టాడు. మేం తలెత్తేసరికి ఊగుతున్న కొమ్మ తప్ప ఏమీ లేదు.

"కలొచ్చుంటుంది. కాసిని నీళ్ళతో ముఖం కడుక్కోండి," అంది పిన్ని.

డ్రైవరు జీపు వెనక్కి పోనిచ్చి, దుమ్ములో పంజా గుర్తులు చూపించాడు. పిన్ని వంగి వాటిని పరీక్షగా చూసింది.

"పిల్లి అయ్యుంటుంది," అంది.

"అరచేయంత పంజా ఉన్న పిల్లి ఎక్కడుందే?" అని బాబాయి పోట్లాటకు దిగాడు. గేటు దాటినా ఆ వాదన ఆగలేదు. దారి పొడుగునా ఆయన కన్ను మూస్తే ఒట్టు.