పలక మీద పప్పుచారు

మార్కాపురంలో పలకల షెడ్డు నడిపే చెన్నకేశవులుకు యాభై దాటేదాకా తన ఇంట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో తెలియదు. తెలుసుకునే అవసరం పడలేదు. పెళ్లికి ముందు తల్లి, పెళ్లయ్యాక భార్య సీతారత్నం వేళకు కంచం ముందు పెట్టేవాళ్లు. ఆయన తన వంతుగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు సగం మూసి, తీర్పు చెప్పేవాడు. "ఉప్పు ఒక రవ్వ తగ్గింది." లేదా, "పులుపు ఒక రవ్వ ముందుకొచ్చింది." బాగున్న రోజున ఏమీ అనేవాడు కాదు. ఆ మౌనమే మెప్పు అని సీతారత్నం కాపురానికొచ్చిన కొత్తలోనే అర్థం చేసుకుంది.

అట్లాంటి మనిషిని ఒక సినిమా వంటింట్లోకి తోసింది.

ఒంగోలులో ఉద్యోగం చేసే కూతురు లక్ష్మీప్రియ సెలవుకు వచ్చి, ఇద్దరినీ బలవంతాన హాలుకు తీసుకుపోయింది. కథ ఒక పెద్ద హోటలు వంటవాడిది. పేరు వచ్చాక అతని నాలుకకు రుచి పోతుంది. సొంతూరికి వచ్చి, కన్నుమూసిన తల్లి పప్పుచారు ఎట్లా కాచేదో ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని, ఏళ్ల తరబడి తంటాలు పడి, చివరికి తనతో మాటలు మానేసిన తండ్రి ముందు ఆ చారు పోస్తాడు. తండ్రి ఒక గుటక వేసి బావురుమంటాడు. హాల్లో సగం మంది ముక్కులు చీదారు. చెన్నకేశవులు కండువా తడిసి ముద్దయింది. సీతారత్నం మాత్రం కూతురి చెవిలో, "అన్ని గిన్నెలు వాడినాడు గదా, ఒక్కటన్నా కడిగినాడేమే?" అని అడిగింది.

మధ్యలో ఇంకో సంగతి జరిగింది. ఆ వంటవాడి హోటల్లో పదార్థాలన్నీ నల్లరాతి పలకల మీద వడ్డిస్తారు. "అవి మన పలకలే!" అని చెన్నకేశవులు కుర్చీలోంచి లేచి అరిచాడు. పిల్లలు పలకలు వదిలి నోటు పుస్తకాలు పట్టినప్పటి నుంచీ ఆయన షెడ్డు సగం రోజులు మూతే. తెరమీద తన రాయిని చూసుకునేసరికి, పోయిన చుట్టం ఎదురైనట్టు అయింది.

ఆట వదిలాక అంత ఏడ్చిన జనంలో ఇంటికి పోయి పొయ్యి వెలిగించిన వాళ్లెవరూ కనపడలేదు. అందరూ వీధి చివరి టిఫిన్ హోటలు మీద పడ్డారు. కూర్చోవడానికి బల్ల దొరక్క నిలబడి దోసెలు తింటూ చెన్నకేశవులు ప్రకటించాడు.

"ఈ ఆదివారం వంట నాది. నువ్వు రాణి మాదిరి కూర్చో రత్నా."

"ఈ ఒక్క ఆదివారమేనా?"

"ప్రతి ఆదివారమూ!" అన్నాడు ఆయన, సినిమా వేడి ఇంకా దిగలేదు కాబట్టి. లక్ష్మీప్రియ ఫోను తీసి, "ఇంకోసారి చెప్పు నాయనా," అని ఆ మాట వీడియో పట్టింది.

ఆదివారం ఆయన తలకు తువ్వాలు చుట్టి వంటింట్లో దిగాడు. గుత్తివంకాయ, పప్పుచారు. సీతారత్నం పట్టుచీర కట్టుకుని హాల్లో కూర్చుంది. నిమిషం గడవలేదు.

"ఆవాలేడున్నయ్?"

"కుడిపక్క చిన్న డబ్బా."

"ఇంగువ?"

"దాని వెనకాల."

"దేని వెనకాల?"

ఆమె లేచి వెళ్లేది. "కూర్చోమన్నానా!" అని ఆయన కసిరేవాడు. వచ్చి కూర్చునేది. మళ్లీ పిలుపు. రోజూ వంట చేసినప్పుడు నొప్పి పెట్టని మోకాళ్లు ఆ రోజు రాణిగా కూర్చున్నందుకు నొప్పి పెట్టాయి. సినిమాలో వంటవాడు బాణలి ఎగరేస్తే ముక్కలు గాల్లో తిరిగి మళ్లీ బాణలిలోనే పడతాయి. చెన్నకేశవులు ఎగరేసిన వంకాయలు గాల్లో తిరగడం వరకూ బాగానే తిరిగాయి. రెండు సిలిండరు వెనక దొరికాయి. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ సింకులో గుట్టపడ్డాయి. టాంకరు వచ్చేదాకా వాడుకోవలసిన డ్రమ్ము నీళ్లు వాటిని కడగడానికే అయిపోయాయి. కడిగింది సీతారత్నమే. రాణి పట్టుచీరలో గిన్నెలు కడగడానికి వీలుపడదు కాబట్టి చీర మార్చుకుంది.

భోజనానికి కురిచేడు నుంచి ఆమె తమ్ముడు ప్రభాకరరావు, మరదలు రాజకుమారి వచ్చారు. చెన్నకేశవులు షెడ్డులో స్వయంగా నునుపు పట్టించిన పలకలు తలా ఒకటి వేసి, సినిమాలో మాదిరి అన్నం గుండ్రంగా పెట్టి, పక్కన వంకాయ నిలబెట్టి, పైనుంచి పప్పుచారు పోశాడు. చట్రం లేని పలకకు అంచు ఉండదన్న సంగతి పలకలమ్మి బతికిన మనిషికి ఆ క్షణం దాకా తట్టలేదు. చారు నాలుగు దిక్కులా పారి, ప్రభాకరరావు తెల్లపంచె మీద స్థిరపడింది.

అయినా ప్రభాకరరావు మెచ్చుకున్నాడు. "మగోడి చెయ్యి పడితే ఆ రుచే వేరు బావా! ఏం చారు, ఏం చారు!" చిన్నప్పటి నుంచి అక్క వంట తిన్న మనిషి. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఈ మాట అనలేదు. "మీరూ చూసి నేర్చుకోండి," అంది రాజకుమారి. ప్రభాకరరావుకు వెంటనే ఎవరికో ఫోను చేయాల్సిన పని గుర్తొచ్చింది.

"నువ్వు చెప్పు రత్నా, ఎట్లుంది?"

సీతారత్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు సగం మూసింది. "ఉప్పు ఒక రవ్వ తగ్గింది," అంది.

చెన్నకేశవులు సాయంత్రం దాకా మొహం ముడుచుకుని తిరిగాడు. చివరికి కూతురి దగ్గర వెళ్లగక్కాడు. "పొద్దున్నించి పొయ్యి కాడ మాడిన మనిషిని ఒక్క మంచిమాట అనకపోతే ఎట్లమ్మా? మనసు ఎంత కష్టపడుతుందో తెలుసా?" లక్ష్మీప్రియ నవ్వు ఆపుకుంటూ మిద్దె మీదికి పోయింది.

అయితే దోసెల దగ్గర ఆయన ఇచ్చిన మాటకు ఆదివారం వంట, వడ్డన కలిపి ఆమె చేసిన వీడియో ఆగలేదు. చారు పారిన ముక్క తీసేసి, సినిమా సంగీతం కలిపిన ఆ వీడియో చుట్టాల ఫోను గుంపుల నుంచి ఊరి గుంపులకు పాకింది. ఎవరూ పప్పుచారు ఎట్లా చేశావని అడగలేదు. "ఆ పలక ఏడ దొరుకుతుంది?" అని అడిగారు. చెన్నకేశవులు అంచు చెక్కించి పలక పళ్లేలు చేయించాడు. గిద్దలూరు నుంచి, త్రిపురాంతకం నుంచి మనుషులు వచ్చి కొనుక్కుపోయారు. మూలపడ్డ షెడ్డులో మళ్లీ మిషను మోగింది. ఊరు ఊరంతా వంటలో పడిందని ఆయన గట్టిగా నమ్మాడు.

ఆయన మాత్రం వంటలోంచి బయటపడే దారి వెతుక్కుంటున్నాడు. రెండో ఆదివారం చెయ్యి కాలింది. మూడో ఆదివారం సీతారత్నం మళ్లీ పట్టుచీర కట్టుకుని హాల్లో కూర్చుని, "ఈ వారం ఏం వండుతాండారు?" అని మర్యాదగా అడిగింది. మాట తప్పుదామంటే ఆ మాట వీడియోలో ఊరందరి దగ్గరా ఉంది. ఆయన ఆలోచించి, "నేను తలుపేసుకుని వండాల. ఎవరన్నా ఉంటే చెయ్యి తిరగదు. నువ్వు గుడికి పోయి రా," అన్నాడు. ఆమె చెన్నకేశవస్వామి దర్శనం చేసుకుని వచ్చేసరికి పలకల మీద కూరలు ఘుమఘుమలాడుతున్నాయి. నిజానికి ఆయన పక్కవీధి భ్రమరాంబ మెస్సులో పార్శిలు కట్టించి తెచ్చి, ఇంట్లో ఒక్క ఇంగువ తిరగమోత వేశాడు. సీతారత్నం చేతులు కడుక్కోవడానికి సింకు దగ్గరికి పోయింది. సింకులో ఒక్క గిన్నె లేదు. బయటికి వచ్చి, కూర్చుని, కడుపునిండా తిని, "ఈ వారం ఉప్పు సరిపోయింది," అంది.

అట్లా కొన్నాళ్లు నడిచింది. ఒక ఆదివారం పూట ఆయన బడి పంతులమ్మ సుస్మిత ఇంటికి పలకలు ఇవ్వడానికి పోయాడు. ఆమె భ్రమరాంబ మెస్సు పొట్లం విప్పి, కూరను పలక మీద సర్ది ఫొటో తీస్తోంది. చెన్నకేశవులుకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా ఇది? ఆ సినిమా చూసి నేర్చుకున్నది ఇదేనా?"

"ఆ సినిమా చూసినాకనే వంట ఎంత కష్టమో తెలిసింది పెదనాయనా. ఒక్క చారు కోసరం ఆయప్ప అన్నేళ్లు పడినాడు. మావల్ల ఏడైతుంది? ముందు రోజూ ఏదో ఒకటి వండుకునేవాళ్లం. ఇప్పుడు భయమేస్తాంది."

"కాలం చెడిపోయింది," అని గొణుక్కుంటూ ఆయన స్కూటరెక్కాడు. మెస్సు మూసేలోగా తన పార్శిలు అందుకోవాలి.

ఆదివారం కూరలు మెస్సు నుంచి వస్తున్నాయన్న సంగతి సీతారత్నం ఫోనులో కూతురికి చెప్పింది. "అడిగేయరాదా అమ్మా?" అంది లక్ష్మీప్రియ.

"ఎందుకే? ఎవరు వండితే నాకేంది, నేను వండలేదు గదా. ఆయన ముచ్చట ఆయనది. పైగా గుళ్లో కూడా రద్దీ తక్కువగా ఉంటాంది ఆదివారం."

వానాకాలంలో ఒక ఆదివారం మెస్సు వాళ్లింట్లో పెళ్లి. తాళం చూసి చెన్నకేశవులు ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. సీతారత్నం గుడికి పోయింది. ఆయన వంటింట్లో కాసేపు నిలబడ్డాడు. కందిపప్పు కడిగి కుక్కరులో పెట్టాడు. బియ్యం వేరే గిన్నెలో పడేశాడు. ఆవాలు, ఇంగువ ఎవరినీ అడగకుండానే చేతికందాయి. పప్పు అడుగంటింది. మాడు తగలకుండా పైపైన తీసి, ఉప్పు వేసి, స్టీలు కంచాల్లోనే వడ్డించి, వాడిన గిన్నెలు కడిగి బోర్లించాడు.

సీతారత్నం వచ్చి తిన్నది. ఏమీ అనలేదు. మారు వడ్డించుకుంది.

సాయంత్రం లక్ష్మీప్రియ ఫోను చేసింది. "ఈ వారం ఫొటో పంపలేదేంది నాయనా? ఏం వండినావు?"

"ఏమీ లేదమ్మా," అన్నాడు చెన్నకేశవులు సిగ్గుపడుతూ. "ఈ వారం వంటేమీ చెయ్యలేదు. ఊరికే పప్పన్నం తిన్నాం."